దేహమున ధరించు ఇన్సులిన్ పంపు: వాడుకయు సంరక్షణయు

మధుమేహము మన పూర్వులెరుగని వ్యాధి కాదు. సుశ్రుతసంహిత దీనిని పుట్టుకతో వచ్చునదనియు, అపథ్యమువలన వచ్చునదనియు రెండు విధములుగా చెప్పి, మొదటిది పట్టినవారు కృశించుదురనియు, రెండవది పట్టినవారు స్థూలకాయులై యుందురనియు వివరించినది. నేటి వైద్యశాస్త్రము చేయు విభజనతో ఇది అక్షరాలా సరిపోదుగాని, చాలవరకు దానికి దగ్గరగానే యున్నది. వ్యాధిని ఇంత నిశితముగా గుర్తించిన ఆ వైద్యులకు దానిని లొంగదీయు మందు మాత్రము దొరకలేదు. ప్రపంచమున మరెవరికిని దొరకలేదు. 1922 వరకును ఈ వ్యాధి సోకిన బాలుడు బ్రదుకుట కొన్ని మాసములో, మహా అయిన ఒకటి రెండేండ్లో మాత్రమే.

మన కడుపులో జీర్ణకోశము వెనుక క్లోమమను గ్రంథి యొకటి కలదు. అందు అక్కడక్కడ దీవులవలె చిన్న చిన్న కణసముదాయములున్నవని 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను వైద్యవిద్యార్థి కనుగొనెను. ఆ దీవులలోని బీటా కణములు తయారుచేయు రసమే ఇన్సులిన్. మనము తిన్న అన్నము, రొట్టె, సంగటి చక్కెరగా మారి రక్తములో కలియును. ఆ చక్కెర కండరములలోనికిని ఇతర కణములలోనికిని ప్రవేశించి శక్తిగా మారవలెనన్న ఇన్సులిన్ తోడు కావలెను. మొదటి రకపు మధుమేహములో శరీరపు రక్షణశక్తియే పొరబడి, బీటా కణములను శత్రువులుగా నెంచి నాశనము చేయును. అప్పుడు రక్తములో చక్కెర నిండియున్నను కణములు ఆకలితో మాడును. ఇది మిఠాయిలు ఎక్కువ తినుటవలన వచ్చునది కాదు. ఒకరినుండి యొకరికి అంటునది అంతకంటె కాదు. “చక్కెర జబ్బు పెద్దలకు గదా, పిల్లలకేమి?” యని యాశ్చర్యపడువారు మన యూళ్లలో నేటికిని పలువురున్నారు కనుక ఈ మాట ముందుగనే చెప్పవలసివచ్చినది.

1921 వేసవిలో కెనడా దేశమున టొరంటో విశ్వవిద్యాలయమందు, ఆచార్య మెక్లియడ్ ప్రయోగశాలలో, ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనువారు కుక్కల క్లోమమునుండి ఈ రసమును తీయగలిగిరి. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి సూదితో దానిని మొదటిసారి ఇచ్చిరి. మందులో మలినముండుటచే ఆశించిన ఫలము కలుగలేదు. జేమ్స్ కాలిప్ అను రసాయనజ్ఞుడు దానిని శుద్ధిచేయగా జనవరి 23న మరల నిచ్చిరి. ఈసారి చక్కెర దిగెను. మృత్యుముఖమునుండి మరలిన ఆ బాలుడు మరి పదమూడేండ్లు జీవించెను.

నాటినుండి నేటివరకును ఇన్సులిన్ మారినది, దానిని లోనికి పంపు సాధనములు మారినవి, అవసరము మాత్రము మారలేదు. ఆరోగ్యవంతుని క్లోమము రేయింబవళ్లు కొద్దికొద్దిగా ఇన్సులిన్ నిచ్చుచునే యుండును. భోజనము చేసినప్పుడు ఒక్కసారిగా ఎక్కువ ఇచ్చును. సూదిమందు వేసికొనువారు దినమంతయు పనిచేయు ఇన్సులిన్ నొకదానిని, భోజనమునకు ముందు త్వరగా పనిచేయుదానిని మరియొకదానిని తీసికొని ఈ క్రమమును అనుకరింతురు. పంపు ఆ రెండు పనులను ఒకే మందుతో చేయును. 1960 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలో ఆర్నాల్డ్ కాడిష్ అను వైద్యుడు నిర్మించిన యంత్రము వీపున మోయవలసిన మూట యంతయుండెను. 1978లో లండనునందు పికప్, కీన్ అను వైద్యులు తమ సహచరులతో కలిసి, నడుమునకు తగిలించుకొనదగిన పంపుతో చర్మము క్రిందికి ఇన్సులిన్‌ను ఎడతెగక పంపుట సాధ్యమేయని ప్రకటించిరి. నేటి పంపు జేబులో పట్టునంత చిన్నది.

మా పాఠశాలలో ఒక విద్యార్థిని ఇట్టి పంపును ధరించి తరగతికి వచ్చుచున్నది. మొదట కొందరు దానిని సెల్‌ఫోనని తలచి ఉపాధ్యాయులతో చెప్పిరి. మరికొందరు ఆటలో నాళికను పట్టి లాగిరి. వారిది దురుద్దేశము కాదు, అది ఏమో తెలియకపోవుటయే కారణము. తెలిసినచో ఆ పిల్లకు మేలగును, తోడివారు అవసరమునకు ఉపయోగపడుదురు. ఈ వ్యాసము ముఖ్యముగ వారికొరకే వ్రాయుచున్నాము.

పంపులో ఇన్సులిన్ నింపు చిన్న గొట్టము కలదు. దీనిని రిజర్వాయరందురు. సాధారణముగ ఇందు 180 గాని 300 గాని యూనిట్లు పట్టును. లోపలి చిన్న మోటారు ముషలకమును వెంట్రుకవాసిగా నెట్టుచుండగా, మందు సన్నని నాళికగుండ ప్రవహించి, చర్మము క్రింద నుంచిన మెత్తని గొట్టముద్వారా కొవ్వుపొరలో చేరును. ఆ మెత్తని గొట్టమును కాన్యులా యందురు. దానిని సూదితో లోనికి దించి, సూదిని తీసివేయుదురు. పైన అంటుపట్టీ పట్టుకొనియుండును. నాళిక లేకుండ చర్మమునకే అంటుకొని యుండు పంపులును కలవు.

గంటగంటకు ఎడతెగక పోవు కొద్దిపాటి మోతాదును బేసల్ అనియు, భోజనమునకు ముందు మీట నొక్కి తీసికొనుదానిని బోలస్ అనియు పిలుతురు. బేసల్ తెల్లవారుజామున నొకవిధముగను, మధ్యాహ్నము నొకవిధముగను ఉండునట్లు వైద్యుడు ఏర్పరచును. కావున యంత్రములోని గడియారము సరిగా నుండవలెను. బ్యాటరీ మార్చినపుడు తేదీ, వేళ, పగలా రాత్రియా అను గురుతు మూడును చూచుకొనవలెను. పగలు రాత్రి తారుమారైనచో, మెలకువలో పోవలసిన మోతాదు నిద్రలో పోవును.

బోలస్ లెక్కకు గణితము తెలిసియుండవలెను. ఉదాహరణము: ఒకరికి 10 గ్రాముల పిండిపదార్థమునకు 1 యూనిటు వలయునని వైద్యుడు నిర్ణయించినాడనుకొందము. వండిన అన్నము 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థముండును. 200 గ్రాముల అన్నములో 56, పప్పు కూరలలో 14, మొత్తము 70. కనుక 7 యూనిట్లు. భోజనమునకు ముందు రక్తములో చక్కెర 200, ఉండవలసినది 120, ఒక్క యూనిటు 40 దించుననుకొనిన, సవరణకు 2 యూనిట్లు. మొత్తము 9. కాని రెండు గంటల క్రితము తీసికొన్న బోలస్‌లో ఒకటిన్నర యూనిటు ఇంకను శరీరములో పనిచేయుచున్నచో దానిని తగ్గించి 7½ మాత్రమే తీసికొనవలెను. ఈ చివరి తగ్గింపును మరచి, చక్కెర దిగలేదని గంటగంటకు మీట నొక్కువారు సాయంకాలమునకు చక్కెర పడిపోయి చెమటలు పట్టి కూలబడుదురు. పంపు ఈ లెక్కను తానే చేసిపెట్టును గాని, తిన్నదెంతయో మనమే చెప్పవలెను. ఈ అంకెలు లెక్క తెలియుటకు ఇచ్చినవే. ఎవరి అంకెలు వారివి, వైద్యుడు నిర్ణయించినవి.

బళ్లారివారమగు మనకు ఇందొక చిక్కున్నది. ఉగ్గాని పళ్లెము నిండుగ కనబడినను తూకమునకు తేలిక. బొరుగులు గాలిపోసుకొన్న బియ్యమే గదా! జొన్నరొట్టె పలుచగ కనబడును గాని, 100 గ్రాముల జొన్నపిండిలో 70 గ్రాముల దాపున పిండిపదార్థముండును. కావున కంటికొలతను నమ్మరాదు. వంటింట చిన్న త్రాసునుంచి, కొన్నాళ్లు తూచి చూచిన తరువాత కన్ను దానియంతట అదే నేర్చుకొనును. ఉగ్గానితోపాటు మిరపకాయ బజ్జీలు తిన్నచో నూనె అరుగుటకు ఆలస్యమై, చక్కెర ఆలస్యముగ పెరుగును. దీనికై బోలస్‌ను కొంత వెంటనే, కొంత మెల్లగ పోవునట్లు విభజించు ఏర్పాటు చాల పంపులలో కలదు.

ఇక మిక్కిలి జాగ్రత్తగ చదువవలసిన విషయమొకటి. మనదేశమున ఇన్సులిన్ సీసాలు రెండు బలములలో దొరకును. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లున్నది యు-40. ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లున్నది యు-100. పంపులు యు-100కు లెక్కగట్టి చేయబడినవి. అందు యు-40 పోసినచో, 9 యూనిట్లని యంత్రము చూపినను లోనికి పోవునది 3.6 యూనిట్లే. చక్కెర ఏల దిగదో ఎవరికిని అర్థము కాదు. దీనికంటె ప్రమాదకరమైనది తలక్రిందుల పొరపాటు. పంపు చెడినపుడు, పంపుకొరకు ఉంచిన యు-100 మందును ఊరి దుకాణములో దొరకిన యు-40 సిరంజితో తీసినచో, 10 గీతవరకు లాగినది పది యూనిట్లు కాదు, ఇరువదియైదు! అనగా రెండున్నర రెట్లు. మనదేశపు సిరంజిలలో యు-40కి ఎర్ర మూత, యు-100కి నారింజరంగు మూత ఉండుట వాడుక. రంగునే నమ్మక, పైనున్న అంకెను చదువవలెను. పంపు వాడువారి యింట యు-100 సిరంజిలు గాని, ఇన్సులిన్ పెన్ను గాని ఎల్లప్పుడు ఉండితీరవలెను.

పంపులో వైద్యుడు చెప్పిన త్వరితముగ పనిచేయు ఇన్సులిన్ తప్ప మరేదియు పోయరాదు. తెల్లగ పాలవలె నుండు ఇన్సులిన్ పనికిరాదు. నింపునప్పుడు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. సీసాను శీతలపెట్టెనుండి తీసిన వెంటనే నింపరాదు. చల్లని ద్రవము వెచ్చబడునప్పుడు అందు కరిగియున్న గాలి బుడగలై పైకి వచ్చును. సోడాసీసా ఎండలో నుంచిన నేమగునో మన మెరుగుదుము. కొంతసేపు బయట నుంచి, గది వేడికి వచ్చిన పిమ్మట నింపవలెను. చర్మము క్రిందికి చిన్న బుడగ పోయినంతమాత్రమున ప్రాణభయము లేదు. కాని బుడగ ఆక్రమించిన చోట మందు లేదు. ఒక మిల్లీలీటరులో నూరవవంతు బుడగయైనను ఒక యూనిటు మందు తగ్గినట్లే. చిన్నపిల్లలకు ఒక యూనిటు చిన్న సంగతి కాదు.

నింపిన పిమ్మట నాళికలోని గాలి పోవునట్లు మందును పారించి, చివర బొట్టు కనబడువరకు చూడవలెను. ఈ పని చేయునప్పుడు నాళిక శరీరమునకు తగిలియుండరాదు. రిజర్వాయరును మార్చుటకై ముషలకమును వెనుకకు త్రిప్పునప్పుడును తగిలియుండరాదు. ఈ నియమమునకు మినహాయింపు లేదు. నాళిక నిండుటకు పట్టు మందు ఒక్కసారిగా లోనికి పోయినచో చక్కెర ఘోరముగ పడిపోవును. 2019లో అమెరికాలో కొన్ని పంపులను తయారీదారు వెనుకకు పిలిపించుట జరిగినది. రిజర్వాయరును బిగించిపట్టు వలయము విరిగియో ఊడియో, మందు ఎక్కువ తక్కువలుగ పోవుటయే కారణము. కావున రిజర్వాయరు మార్చినప్పుడెల్ల ఆ వలయము గట్టిగ నున్నదో లేదో చూచుట మంచిది. పంపు క్రిందపడినను వెంటనే ఇట్లే పరీక్షింపవలెను.

కాన్యులాను పొత్తికడుపు, తొడ, పిరుదుల పైభాగము మొదలగు కొవ్వున్న చోట్ల అమర్చుకొందురు. నాభికి రెండంగుళముల దూరము విడువవలెను. మెత్తని కాన్యులాను రెండు మూడు దినములకొకసారి, ఉక్కుసూదియైనచో అంతకు ముందే, మార్చవలెను. ఎక్కువ దినము లుండునట్లు ప్రత్యేకముగ చేసినవియు నేడు దొరకుచున్నవి. వాటికి తయారీదారు చెప్పిన గడువే ప్రమాణము. ఖర్చు తగ్గునని మూడు దినముల గొట్టమును ఆరు దినము లుంచుకొనువారిని మేమెరుగుదుము. వారి కష్టము మాకు తెలియును. అయినను పాత చోట చర్మము ఎర్రనై వాచి, చీము పట్టినచో వైద్యమునకగు ఖర్చు అంతకంటె ఎక్కువ. చోటు మార్చక ఒకేచోట గుచ్చుచున్నను క్రొవ్వు గడ్డకట్టి, అందు పోసిన మందు రక్తములోనికి సరిగా చేరదు. గడ్డకట్టిన చోట నొప్పి తక్కువ కనుక పిల్లలు ఆ చోటునే కోరుదురు. తల్లులు గమనింపవలెను.

పండుగనాడు నూనె అంటుకొని తలంటు పోసికొనునప్పుడు పాత గొట్టము తీసివేసి, స్నానమై ఒడలు బాగుగ తుడుచుకొన్న పిమ్మట క్రొత్తది అమర్చుకొనుట సుఖము. జిడ్డు చర్మముపై అంటుపట్టీ నిలువదు. క్రొత్తదానిని పగటిపూట, భోజనమునకు ముందు అమర్చవలెను. నిద్రకు ముందు అమర్చినచో అది వంగిపోయినను తెల్లవారువరకు తెలియదు. అమర్చిన రెండు గంటలకు రక్తము పరీక్షించి చూచిననే అది పనిచేయుచున్నట్లు నిశ్చయము.

ఏలయన, పంపులో ముఖ్యమైన బలహీనత ఇదియే. సూదిమందు వాడువాని ఒంటిలో దినమంతయు పనిచేయు ఇన్సులిన్ కొంత నిలువయుండును. పంపు వాడువాని ఒంటిలో అట్టి నిలువ లేదు. నాళిక ఊడినను, కాన్యులా వంగినను, బ్యాటరీ అయిపోయినను, కొద్ది గంటలలోనే ఒంటిలోని ఇన్సులిన్ అడుగంటును. అప్పుడు శరీరము చక్కెరను వాడుకొనలేక క్రొవ్వును కరిగించును. దానివలన కీటోనులను ఆమ్లపదార్థములు పుట్టి రక్తమును విషమయము చేయును. దాహము, మాటిమాటికి మూత్రము, కడుపునొప్పి, వాంతి, మాగిన పండ్ల వాసన గల ఊపిరి, లోతైన వేగపు శ్వాస దీని లక్షణములు. వాంతియని చూచి అజీర్ణమని వామునీరు త్రాగించి కూర్చున్నచో ప్రాణమే పోవచ్చును. పంపు ధరించినవానికి వాంతి వచ్చినచో మొదట చూడవలసినది రక్తములో చక్కెర, కీటోనులు.

“యంత్రము కూత పెట్టలేదు గదా” యనుకొనుట పొరపాటు. యంత్రము ఒత్తిడినిబట్టి అడ్డును గుర్తించును. గంటకు అర యూనిటు మాత్రమే పోవుచున్నప్పుడు ఒత్తిడి పెరిగి కూత వచ్చుటకు కొన్ని గంటలు పట్టవచ్చును. మందు అంటుపట్టీ క్రింద కారిపోవుచున్నచో ఒత్తిడే యుండదు, కూతయు రాదు. అట్టిచోట తడి తగులును, ఇన్సులిన్ వాసన వచ్చును. ముక్కే ఇచ్చట యంత్రముకంటె మేలు.

కారణము లేకుండ చక్కెర 250కి మించి, సవరణ బోలస్ తీసికొన్నను గంట రెండు గంటలలో దిగకున్నచో, కీటోనులు పరీక్షింపవలెను. పంపును నమ్మక, వలయు ఇన్సులిన్‌ను సిరంజితో గాని పెన్నుతో గాని వేసికొనవలెను. ఆ పిమ్మట రిజర్వాయరు, నాళిక, కాన్యులా అన్నిటిని మార్చి, నీరు త్రాగుచు వైద్యునికి తెలుపవలెను. కీటోనులు హెచ్చుగ నున్నను, వాంతి ఆగకున్నను ఆసుపత్రికి పోవుటలో ఆలస్యము పనికిరాదు. ఈ క్రమము తారుమారు కారాదు. ముందు సూది, తరువాత యంత్రపు మరమ్మతు. పంపు పూర్తిగ చెడినప్పుడు దినమంతయు పనిచేయు ఇన్సులిన్ ఎంత వేసికొనవలెనో ముందే వైద్యుని అడిగి వ్రాసియుంచుకొనవలెను. పంపులోని అంకెలన్నియు ఒక నోటుపుస్తకములో ఉండవలెను. యంత్రము చచ్చినచో దానిలోని జ్ఞాపకమును చావవచ్చును గదా.

దీనికి విరుద్ధమైన ఆపద చక్కెర పడిపోవుట. 70కి దిగువ నున్నచో చేతులు వణకును, చెమట పట్టును, ఆకలి వేయును, మాట తడబడును, కారణము లేని కోపము వచ్చును. తరగతిలో ఎప్పుడును శాంతముగ నుండు పిల్ల అకారణముగ విసుగుకొన్నచో తోటివారు నొచ్చుకొనక, “చక్కెర చూచుకొంటివా?” యని అడుగవలెను. 15 గ్రాముల గ్లూకోసు గాని, మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర నీటిలో కలిపి గాని ఇచ్చి, పదునైదు నిమిషములాగి మరల పరీక్షింపవలెను. చాక్‌లెట్టులోని క్రొవ్వువలన చక్కెర ఆలస్యముగ ఎక్కును గనుక అది ఈ సమయమున పనికిరాదు. ఒంటరిగ ఇంటికి గాని, మరుగుదొడ్డికి గాని పంపరాదు. స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి, పంపు నాళికను శరీరమునుండి విడదీసి, వైద్యుడు ముందే ఇచ్చియుంచిన గ్లూకాగాన్ ఉన్నచో నేర్చినవారు దానిని వేసి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. నాళికను విడదీయు విధము చేత కానిచో అంటుపట్టీతోసహా పెరికివేసినను తప్పు లేదు. చిన్న గాయము మానును.

ఆటలకు వత్తము. కబడ్డీ, కుస్తీవంటివాటికి పంపును విడదీసి ఉపాధ్యాయునివద్ద నుంచుట మంచిది. విడదీసియుంచుట గంటకు మించరాదు. మించవలసివచ్చినచో మధ్య పరీక్షించి, వైద్యుడు చెప్పినట్లు మందు తీసికొనవలెను. పరుగు, నడకలకు ముందే బేసల్‌ను తాత్కాలికముగ తగ్గించు ఏర్పాటు యంత్రములో నున్నది. ఆటవలన దిగు చక్కెర ఆ రాత్రి నిద్రలోను దిగుచుండుననుట మరువరాదు.

ఎండను గూర్చి బళ్లారిలో ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. వేసవిలో ఇచ్చట 40 డిగ్రీలు దాటుట వింత కాదు. ఇన్సులిన్ అంత వేడికి ఓర్వదు. తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో నుంచవలెను. గడ్డకట్టిన మందు కరిగినను పనికిరాదు, కావున మంచుగడ్డలనంటి ఉంచరాదు. కరెంటు పోవు ఊళ్లలో, ఒక మట్టికుండలో చిన్న కుండ నుంచి, నడుమ తడియిసుక నింపి, నీడలో గాలి తగులునట్లు పెట్టినచో లోపల బయటికంటె చల్లగ నుండును. శీతలపెట్టెకు ఇది సమానము కాకున్నను, ఏమియు లేనిదానికంటె చాల మేలు. పంపును చొక్కాపైన ఎండలో వ్రేలాడనీయక లోపల ఉంచుకొనవలెను. బస్సు కిటికీవద్ద గాని, నిలిపిన కారులో గాని మందును విడువరాదు. ఎండలో చాలసేపు తిరిగిన దినమున చక్కెర దిగకున్నచో, గడువు కాకున్నను రిజర్వాయరులోని మందును పారబోసి క్రొత్తది నింపుట ఉత్తమము.

నీటి విషయమున పంపులన్నియు ఒకటి కావు. కొన్ని తడిసినను చెడవు, కొన్ని చెడును. తడిసినను చెడవనునవి కూడ ఒక్క చిన్న పగులు పడినచో ఆ గుణము కోల్పోవును. ఎం.ఆర్.ఐ. పరీక్షకు పోవునప్పుడు పంపును, ఉక్కుసూదియున్నచో దానిని, చక్కెర కొలుచు సెన్సారును గది బయటనే తీసియుంచవలెను. ఆ అయస్కాంతము మోటారును పాడుచేయును. ఎక్స్‌రే, సి.టి. పరీక్షలకును పంపును తీసి యుంచుట నియమము. విమానాశ్రయపు సామాను పరీక్షలో యంత్రముగుండ పంపక, చేతితో పరీక్షింపుమని అడుగవచ్చును.

ఇటీవలి పంపులు చర్మము క్రింది సెన్సారు చెప్పు అంకెను చూచి బేసల్‌ను తామే హెచ్చుతగ్గులు చేసికొనుచున్నవి. అమెరికా ప్రభుత్వము 2016లో మొదటిసారి అట్టిదానికి అనుమతి నిచ్చినది. ఇవి రాత్రిపూట తల్లిదండ్రులకు కొంత నిద్ర ప్రసాదించినవనుటలో సందేహము లేదు. అయినను భోజనపు లెక్క మనమే చెప్పవలెను, కాన్యులా మనమే మార్చవలెను. ఒంట్లో కనబడు లక్షణములకు, సెన్సారు చెప్పు అంకెకు పొంతన లేనప్పుడు వ్రేలిచివరి రక్తముతో గ్లూకోమీటరులో చూచుకొనవలెను.

పంపు ఖరీదు లక్షల రూపాయలలో నున్నది. నెలనెలకు నాళికలకు, రిజర్వాయరులకు వేలు కావలెను. కావున ఇది లేనివారు తమ బిడ్డకు అన్యాయము చేసితిమని కుందరాదు. వేళకు పరీక్షించుచు, దినమునకు నాలుగుసార్లు శ్రద్ధగ సూదిమందు వేసికొనువాడు అశ్రద్ధగ పంపు వాడువానికంటె ఎంతయో క్షేమముగ నుండును.

మనవంటి సరిహద్దు ప్రాంతములవారికి మరియొక సంగతి కలదు. పంపు తెరమీద వచ్చు మాటలు ఆంగ్లము. ఆసుపత్రిలో మాట కన్నడము. ఇంటిలో అవ్వకు తెలిసినది తెలుగు. ఏ కూతకు ఏ అర్థమో, ఏ మాట కనబడిన ఏమి చేయవలెనో తెలుగులో ఒక అట్టపై వ్రాసి, వంటింట గోడకు అంటించుట మంచిది. ఆంగ్లపు మాటలను తెరమీద నున్న అక్షరములతోనే వ్రాసి, ప్రక్కన తెలుగు పెట్టవలెను. పిల్లలు మెడలో గాని జేబులో గాని ఉంచుకొను చీటీ మాత్రము తెలుగులో నుండిన చాలదు. దారిలో పడిపోయినప్పుడు లేవనెత్తు బస్సు కండక్టరు తెలుగు చదువలేకపోవచ్చును. “నాకు మొదటి రకపు మధుమేహము కలదు. ఇన్సులిన్ పంపు ధరించియున్నాను. స్పృహ యున్నచో చక్కెరనీరిండు. లేనిచో నోటిలో ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చుడు” అని కన్నడములోను, ఆంగ్లములోను, క్రింద తెలుగులోను వ్రాసి, తల్లిదండ్రుల ఫోను అంకె వేయవలెను. పరీక్షలకు కూర్చుండువారు పంపు, గ్లూకోసు, నీరు వెంటనుంచుకొనుటకై వైద్యుని పత్రముతో ప్రధానోపాధ్యాయునికి ముందుగనే దరఖాస్తు పెట్టుకొనవలెను. కేంద్ర మాధ్యమిక విద్యాసంఘము 2017లో మధుమేహమున్న విద్యార్థులు పరీక్షాశాలకు చక్కెర బిళ్లలు, పండ్లు, నీరు తెచ్చుకొన అనుమతించినది. మన రాష్ట్రపు పరీక్షలకు వ్రాయువారు ఆ ఉత్తర్వును చూపి అడుగవచ్చును.

వాడిన సూదులను, ఉక్కు కాన్యులాలను చెత్తబుట్టలో విడిగ వేయరాదు. చెత్త ఏరుకొను పిల్లల చేతులకు గుచ్చుకొనును. మూత బిగియు గట్టి డబ్బాలో వేసి, నిండిన పిమ్మట మూతికి పట్టీ అంటించి, తరువాతిసారి ఆసుపత్రికి పోవునప్పుడు అచ్చటనే ఇచ్చివేయవలెను.